రెండు జిల్లాల్లో కోలుకున్న మా అత్త

"మహమ్మారికి మా జిల్లాలో అడుగుపెట్టే అనుమతి లేదు" అని ఎగువ జిల్లా ఆరోగ్యాధికారిగారు మైకులో ప్రకటించినప్పుడు, ముందువరసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అనుమతి లేకుండా వస్తే ఏం చేస్తారని ఎవరో అడిగారు.

"నోటీసు ఇస్తాం" అన్నారాయన.

అంత స్పష్టత ఉన్న అధికారి దొరకడం మా అదృష్టం.

దిగువ జిల్లా అధికారిగారు మాత్రం తక్కువవారా? ఎగువన దుకాణాలు పొద్దున్నే తెరవాలన్నారని, ఆయన సాయంత్రమే తెరవాలన్నారు. అక్కడ జ్వరమొస్తే కిటికీలు మూయాలి, ఇక్కడ బార్లా తెరవాలి. రెండూ శాస్త్రీయమే. రెండుచోట్లా కమిటీలు వేసి, బిస్కట్లు తిని మరీ తేల్చారు.

చిక్కల్లా మా మేనత్త ఇంటితోనే. జిల్లాల సరిహద్దు సరిగ్గా ఆమె ముందుగది మధ్యలోంచి పోతుంది. సర్వేవాళ్లు గచ్చు మీద పసుపురంగు గీత కూడా గీసి వెళ్లారు. అత్త బట్టలు కుడుతుంది. కత్తిరించే బల్ల ఎగువ జిల్లాలో ఉంది, కుట్టుమిషను దిగువ జిల్లాలో ఉంది. పొద్దున్న కత్తిరించి, సాయంత్రం కుట్టి, రెండు జిల్లాల ఉత్తర్వులనూ తు.చ. తప్పకుండా పాటించిన ఏకైక పౌరురాలు ఆమే.

అంతటి మనిషికి జ్వరం వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ని నేనే కనుక, "ఒరేయ్, ఆఫీసుల్లో ఎలా మాట్లాడాలో నీకే తెలుసు. వెళ్లి డాక్టర్ని పిలుచుకురా" అంది.

కేసులు లేని జిల్లాకు షీల్డు ఇస్తారని అప్పటికే ప్రకటించారు. నా మాట వినగానే ఎగువ జిల్లా హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. ఆ కర్తవ్యదీక్షకు నా కళ్లు చెమర్చాయి. ఆయన థర్మామీటరు చూసి, తర్వాత నేలమీది గీత చూసి మూలిగారు.

"అమ్మా, మంచం ఎక్కడ వేసుకున్నారో చూసుకున్నారా?"

"ఎక్కడైతేనేం నాయనా, ఒళ్లు కాలిపోతోంది."

"కాలిపోతున్నది మా జిల్లాలో. కాస్త అటు జరగండి."

ఆయనొక కోడు, నేనొక కోడు పట్టుకుని మంచం గీత దాటించాం.

"మరి డాక్టరు?" అన్నాను.

"దిగువ జిల్లాలో బ్రహ్మాండమైన డాక్టర్లున్నారు బాబూ. మేమెప్పుడూ వాళ్లను మెచ్చుకుంటూనే ఉంటాం."

సాయంత్రానికి దిగువ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి కిటికీలు తెరిపించారు, మంచాన్ని వెనక్కి నెట్టించారు. మర్నాడు పొద్దున్నే ఎగువాయన వచ్చి కిటికీలు మూయించి, మళ్లీ ముందుకు లాగించారు. మూడోసారి ఇద్దరూ ఒకేసారి వచ్చారు. లాక్కోలేక పీక్కోలేక చివరికి మంచం గీతకు అడ్డంగా ఆగింది.

"తల మీవైపు ఉంది. జ్వరం మీదే" అన్నారు ఎగువాయన.

"థర్మామీటరు కాళ్ల దగ్గర పెట్టలేదుగా? ముట్టుకుని చూడండి ముందు."

"చూశాను. కాళ్లు చల్లగా ఉన్నాయి."

"మీ జిల్లాలో ఉన్నంతమేరా ఆరోగ్యంగా ఉందని మీరే చెప్పేస్తున్నారు!"

"ఏడ్చినట్టుంది. తల మాత్రం ఇటు తిప్పించకండి."

అత్త దుప్పట్లోంచి మొహం బయటపెట్టింది. "నాయనలారా, నడుం కూడా పీకేస్తోంది. అది ఎవరి వాటా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నడుం ఉమ్మడి సమస్య అమ్మా. జాయింట్ మీటింగులో పెడతాం" అన్నారు. వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం చూసే భాగ్యం నాకు ఆ ఒక్కసారే కలిగింది.

ఇంతలో పైనుంచి కొత్త సర్క్యులర్ వచ్చింది. కేసులు లేకపోవడంలో గొప్పేముంది, ఎంతమందిని కోలుకునేలా చేశారన్నదే గొప్ప, షీల్డు దానికే ఇస్తాం అని.

ఆ మధ్యాహ్నం అత్త ఇంటిముందు రెండు జీపులు ఆగాయి. ఇద్దరు అధికారులు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఎట్టకేలకు ఒక డాక్టరు కూడా దిగారు. నాడి చూస్తారేమోనని అత్త చెయ్యి చాపింది. డాక్టరుగారు ఆ చేతిలో పూలగుత్తి పెట్టి ఫోటోకు నవ్వారు. మంచం ఎగువకు జరిపి ఒక ఫోటో, దిగువకు జరిపి ఒక ఫోటో తీశారు. ఈసారి మంచం కోసం ఇద్దరూ పోటీ పడ్డారు.

"బాబూ, ఇంకా చలిగానే ఉంది. ఏదైనా మాత్ర రాసిస్తావా?" అంది అత్త.

డాక్టరుగారు నొచ్చుకున్నారు. "కోలుకున్నవారికి మందు రాస్తే రేపు ఆడిట్‌వాళ్లు నన్ను బతకనిస్తారా అమ్మా?"

మర్నాడు పేపరు తెచ్చి అత్త పక్కన కూర్చుని చదివాను. ఎగువ జిల్లాలో కేసులు సున్నా, కోలుకున్నవారు ఒకరు. దిగువ జిల్లాలో కేసులు సున్నా, కోలుకున్నవారు ఒకరు.

అత్త దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఒరేయ్, చదువుకున్నవాడివి, కాస్త వెళ్లి కనుక్కో. ఆ ఇద్దరిలో ఒక్కరికైనా జ్వరం తగ్గిందేమో."