తెలుగు మాట్లాడితే దొండకాయలు

ఆ ఉదయం అచ్యుతరామయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. బాపట్ల నుంచి రైల్లో వచ్చే ట్రస్టు ఛైర్మన్‌కు తెనాలి స్టేషన్లో దండ వేయాలి, ఆటోలో వేమూరు దగ్గరున్న తన కాలేజీకి తీసుకురావాలి, దారిలో కాలేజీ మూయొద్దని బతిమాలాలి.

కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నాలుగు గదులు, వరండా, వంటిల్లు. వయసు మళ్లినవాళ్లు అక్కడ వారం రోజులు మకాం పెట్టి ఎస్పెరాంటో నేర్చుకుంటారు. అది ఏ దేశానికీ సొంతం కాని భాష. లోకంలో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని ఒక పెద్దమనిషి పనిగట్టుకుని తయారుచేశాడు. లోకం సంగతి ఎలా ఉన్నా, రిటైరైన లెక్కల మాస్టారు అచ్యుతరామయ్యకు మాత్రం అదే ప్రాణం. కాలేజీ పోతే ఆయన ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడాలి. కానీ భవనం ట్రస్టుది. కొత్త ఛైర్మన్ శశిధర్‌కేమో దాన్ని ఫంక్షన్ హాలు చేయాలని ఉంది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడమే గాని ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

ఆ ఆవరణలో ఒక్కటే రూలు. తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్లు వంటింట్లో దొండకాయలు తరగాలి. ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, అందరికీ అర్థం కావాలని తెలుగులోనే.

బయల్దేరే ముందు ఆయన క్లాసు లీడరు లక్ష్మీదుర్గకు జాగ్రత్తలు చెప్పాడు. వాడరేవు నుంచి అంద్రెయ అనే కొత్త విద్యార్థి వస్తాడు, రాగానే ఫోను తీసుకుని బీరువాలో పెట్టాలి, రూలు మాత్రం సడలించకూడదు. లక్ష్మీదుర్గ సర్వీసంతా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషి. ఎవరూ చెప్పకపోయినా ఆమె రూలు సడలించదు.

చెప్పి వెళితే అన్నీ సర్ది చూపిస్తారని శశిధర్ అనుకున్నాడు. అందుకే రైలు మానేసి కార్లో వచ్చి, దాన్ని రోడ్డు మీదే వదిలి నడిచి లోపలికొచ్చాడు. లక్ష్మీదుర్గ చెయ్యి చాచింది. ఇదేదో పద్ధతి కాబోలనుకుని ఫోను ఇచ్చేశాడు.

"అమ్మా, నేను బాపట్ల ట్రస్టు నుంచి..."

ఆమె బోర్డు వైపు వేలు చూపించి, దొండకాయల బేసిన్ చేతికిచ్చింది. కొత్తవాళ్లు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూస్తారని ఆమెకు తెలుసు. ఆయన మళ్లీ వివరించాడు. వెల్లుల్లి వచ్చింది. గొంతు పెంచి వివరించాడు. కొబ్బరికాయలు వచ్చాయి. ఇంకా వివరిస్తే పిండి రుబ్బాల్సి వస్తుందేమోనని ఊరుకున్నాడు. వెళ్లిపోదామంటే ఫోను బీరువాలో ఉంది.

అక్కడ తెనాలి స్టేషన్లో అచ్యుతరామయ్య కాలేజీ పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఛైర్మన్ పేరు రాయలేదు. అంత పెద్దమనిషి పేరు అట్టముక్క మీద రాస్తే ఏం మర్యాద? ఇస్త్రీ తెల్లబట్టల్లో ఒకాయన నేరుగా అట్ట దగ్గరికొచ్చి, "నేను మీ కాలేజీకేనండి" అన్నాడు. పేరు అడగడం అంతకన్నా అమర్యాద. దండ మెడలో పడింది. వాడరేవు అంద్రెయకు చదువు మానేశాక ఇన్నేళ్లకు బడి మీద గౌరవం కలిగింది.

గేటు దాటితే తెలుగు కుదరదు గనక బతిమాలేదేదో ఆటోలోనే బతిమాలాలి. అచ్యుతరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"కాలేజీ సంగతి మీ చేతుల్లోనే ఉందండి. మూసేయమంటారా?"

అంద్రెయ కంగారుపడ్డాడు. "మూయడమేంటండి? నేనింకా ఇప్పుడేగా వస్తున్నాను. నడవాల్సిందే."

అచ్యుతరామయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. నెలరోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. కాలేజీ చేరగానే అందరినీ వరండాలోకి పిలిచి, ఛైర్మన్‌గారు మనల్ని కాపాడారని, ఈ సంతోషంలో ఈ ఒక్క పూటకు రూలు ఎత్తేస్తున్నానని ప్రకటించాడు.

వంటింట్లోంచి ఒక మనిషి బయటికొచ్చాడు. జుట్టు నిండా కొబ్బరి కోరు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా అండి? శశిధర్ అంటే నేనే."

అంద్రెయ దండ తీసి ఎవరికివ్వాలో తెలియక చేత్తో పట్టుకున్నాడు. లక్ష్మీదుర్గ గబగబా వెళ్లి ఫోను తెచ్చింది. అచ్యుతరామయ్యకు ఇంట్లో టీవీ కళ్లముందు కనిపించింది.

శశిధర్ ఫోను జేబులో వేసుకుని నెమ్మదిగా అన్నాడు. "మాస్టారూ, మా ట్రస్టులో తొమ్మిదిమందిమి. అందరం తెలుగువాళ్లమే. మూడేళ్ల నుంచి గోడకు ఏ రంగు వేయాలో తేలలేదు. ఇక్కడ పొద్దుటి నుంచి ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. అయినా కూర అయిపోయింది, పచ్చడి అయిపోయింది. ఎవరూ ఎవరిమీదా అలగలేదు."

"అంటే... మూయరా అండి?" అన్నాడు అచ్యుతరామయ్య.

"మూస్తే మేమెక్కడ కూర్చోవాలండి? వచ్చే నెల మా మీటింగు ఇక్కడే. మీ రూలుతోనే."

అచ్యుతరామయ్య అక్కడే మెట్టు మీద కూలబడి, తనివితీరా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పూట అందరూ కడుపునిండా తిన్నారు, నోరారా తెలుగు మాట్లాడుకున్నారు.

అన్నట్టే మరుసటి నెల మీటింగు జరిగింది. ట్రస్టు పుట్టాక తగాదా లేకుండా, అన్ని తీర్మానాలూ ఏకగ్రీవంగా ఆమోదించిన సమావేశం అదొక్కటే. ఏం తీర్మానించారో మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు.