ఎండ కరెంటు

ఆ ఉదయం అబ్దుల్ సత్తార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బండి ఎండలో ఉండాలి, తాను నీడలో కూర్చోవాలి, సాయంత్రానికి పందెం గెలవాలి.

జనగామలో మోటార్లకు వైండింగ్ చుట్టీ చుట్టీ జుట్టు నెరిసిన సత్తార్, ఒక పాత స్కూలు బస్సు కొని దాన్ని ఇల్లుగా మార్చాడు. లోపల మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్. మంచం కింద రెండు పెద్ద బ్యాటరీలు. వాటిని నింపడానికి టాపు మీద సోలార్ పలకలు. కరెంటు స్తంభం లేని చోట కూడా తన ఫ్రిజ్ ఆగదని బజారంతా చెప్పుకున్నాడు. భార్య మున్నవర్ బేగం మాత్రం నమ్మలేదు. కొడుకు తన్వీర్‌కైతే టెంటు హౌసు కుర్చీలు మోయడానికి ఆ బండి మీద ఎప్పటినుంచో కన్ను.

"ఫ్రిజ్‌ల ఐసు పెట్టిన. ఎవ్వరింటి కరెంటూ ముట్టొద్దు. రేపు పొద్దూకేదాంక ఐసు ఐసు లెక్కనే ఉంటే బండి మీది. కరిగితే తన్వీర్‌ది," అంది ఆమె బయల్దేరేముందు.

సత్తార్ మగవాడు కదా, మీసం దువ్వి సరేనన్నాడు.

గూడూరు దాటాక అడవి అంచున ఒక తండా పక్కన, తావుర్యా చెలకలో బండి ఆపి, ఆ రాత్రి హాయిగా పడుకున్నారు. తావుర్యా సత్తార్‌కు పాత గిరాకీ. తెల్లవారి సత్తార్ బోరు కింద స్నానం చేసి వచ్చేసరికి బేగం, తావుర్యా భార్య మోతీబాయి గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంకింత ఇప్పపువ్వు ఏరనీకి అడవికి పోతున్నం. అన్నం గిన్నెల ఉన్నది," అని బేగం వెళ్లిపోయింది.

వాళ్లటు పోగానే తండా సగం చెలకలోకి దిగింది. తావుర్యా చెప్పులు బయటే విడిచి, గుళ్లోకి అడుగుపెట్టినట్టు బండెక్కాడు. ఫ్రిజ్ తెరిచి లోపల చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఎండను పట్టి చల్లదనం చేస్తున్నవా సత్తార్ భాయ్? గిదేం విద్దె!"

వరసలో ఉన్న ప్రతివాళ్లూ ఫ్రిజ్ తెరిచి చెయ్యి పెట్టి చూశారు. ఆ తర్వాత ఫోన్లు బయటికొచ్చాయి. అందరి ఇళ్లలోనూ కరెంటు ఉంది. కానీ ఎండ కరెంటు ఎవరింట్లోనూ లేదు కదా.

"నా ఫోనుకు గూడ జర పట్టియ్యి భాయ్, నిలువ ఉంటది," అన్నాడు తావుర్యా.

తన బండిని మెచ్చుకున్న మొదటి మనుషులను కాదనడం సత్తార్ వల్ల కాలేదు. కాసేపటికి మీటరు చూస్తే ఎనభైలో ఉండాల్సిన ముల్లు నలభైలో ఉంది. గాభరాపడి ఫోన్లన్నీ పీకేశాడు. ఫ్యాను ఆపి చెమటలో తడిశాడు. ముల్లు ఇంకా దిగింది. మోటారు వైండింగ్‌లో సందేహాలు తీర్చే ఆ మహానుభావుడు వైర్లన్నీ అనుమానించాడు గానీ, పలకలను అనుమానించలేదు. వాటిని నిన్న సాయంత్రం తన చేతులతోనే తుడిచాడాయె.

"ఇక్కడ ఎండ సరిగ్గ పడ్తలేదు. అటు బోడిగడ్డ మీదికి పోదాం," అని బండి కదిలించాడు.

గతుకులో బండి ఊగగానే ముందు అద్దం మీదుగా పూలు జలజల రాలాయి. సత్తార్ బ్రేకు వేశాడు. ఇంకా రాలాయి.

"ఇప్పపువ్వు!" తావుర్యా నోరు తెరిచాడు. "ఈ చెలకల ఇప్పచెట్టే లేదు గద భాయ్!"

సత్తార్‌కు పైవాడు తన బండిని మెచ్చాడని కళ్లు చెమర్చాయి. తావుర్యా ముసలి తల్లి దండం పెట్టి, కింద పడ్డ పూలను దోసిలితో ఎత్తి మళ్లీ బండి మీదికి చల్లింది. అది చూసి అందరూ చల్లారు. పూలవాన అలా కురుస్తుండగానే, లోపల ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

అప్పుడే అడవి నుంచి ఆడవాళ్లు వచ్చారు. "అయ్యో, నా పువ్వు!" అని మోతీబాయి గంప పడేసి వెనక నిచ్చెన ఎక్కింది. సత్తార్ ఆమె వెనకే ఎక్కాడు. పలకల నిండా పాత చీరలు పరిచి ఉన్నాయి. చీరల నిండా ఇప్పపువ్వు.

"మోతీబాయి వాకిట్ల మేకలు తింటున్నయ్. పైన నల్లగ, నున్నగ, సుర్రుమనే బల్లలు ఖాళీగ ఉన్నయ్. పొద్దున నేనే ఆరబెట్టమన్న," అంది బేగం కిందినుంచి.

"అవి బల్లలు కాదు బేగం! బ్యాటరీలకు అన్నం పెట్టేటియి!"

బేగం లోపలికెళ్లి ఐసు పళ్లెం తెచ్చింది. పొద్దుటినుంచి అందరూ ఫ్రిజ్ తెరిచి మూసిన దెబ్బకు ఐసు ఎప్పుడో కరిగి, అందులో నీళ్లు కదులుతున్నాయి. "ఎందుకు కరిగిందని పందెంల లేదు," అంది.

సత్తార్ దిగి వచ్చి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

"అక్కా, జర పైకొచ్చి చూడు!" మోతీబాయి పైనుంచి అరిచింది. "మూడు దినాలల్ల ఎండేది పూటకే ఎండింది. మన్ను రవ్వ గూడ అంటలే!"

బేగం నిచ్చెన ఎక్కింది. ఒక పువ్వు నలిపి చూసింది, వాసన చూసింది, నోట్లో వేసుకుంది. ఇన్నాళ్లలో ఆ బండిని చూసి ఒక్కసారీ పెద్దవి కాని ఆమె కళ్లు ఇంతలేసి అయ్యాయి.

"యా అల్లా! ఏం బండి చేసిన్రు!"

అక్కడే నిలబడి తన్వీర్‌కు ఫోన్ చేసింది. "బండి లేదు గిండి లేదు. కుర్చీలకు ఆటో చూసుకో." తర్వాత తాళంచెవి సత్తార్ మీదికి విసిరింది. "బయ్యారం పోదాం. మా అక్క ఇంట్ల ఎండబెట్టనీకి మిర్చి ఉన్నది."

ఆ ఎండాకాలమంతా ఇల్లుబండి పలకల మీద మిర్చితో, మామిడి ఒరుగులతో, సేమియాలతో ఊరూరా తిరిగింది. బ్యాటరీలను మాత్రం ఎక్కడ ఆగితే అక్కడ పక్కింటి ప్లగ్గుకు పెట్టి నింపుకుంటున్నారు.