హాస్యప్రియుడైన యజమాని దొరికితే

దుబాయ్‌లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు నాదొక సలహా. రూము, ఏసీ బస్సు, సెలవులు అన్నీ తర్వాత అడగండి. ముందు యజమానికి హాస్యం తెలుసా అని అడగండి! తెలిసినవాడైతే మీ జన్మ ధన్యం.

నేను టీ పెట్టే బర్ దుబాయ్ ఆఫీసుకు యజమాని వెంకట్రావు గారు. అలాంటి మహానుభావుడే. ఆయన జోకు వేస్తే అకౌంట్స్ వాళ్లంతా నవ్వుతారు. వేయబోతున్నారని తెలిసినా నవ్వుతారు. మొన్న తుమ్ము రాబోయి ముఖం అదోలా పెడితే, జోకే అనుకుని సేల్స్ వాళ్లు ముందుగానే నవ్వేశారు. ఇంత ఆరోగ్యకరమైన ఆఫీసు ఇంకెక్కడుంది?

ఈమధ్య ఆయన లండన్ నుంచి ఒక పటం తెచ్చి మీటింగ్ రూములో పెట్టించారు. జార్జి రాజుల కాలంలో అక్కడి దొరలను వెక్కిరిస్తూ గీసి, అచ్చువేసి, దుకాణాల అద్దాల వెనక వేలాడదీసిన బొమ్మల్లో ఒకటట. దారినపోయేవాళ్లు గుంపుకట్టి, తమ దొరల పొట్టలూ విగ్గులూ చూసి నవ్వుకునేవారట. మా పటంలో ఒక లావుపాటి దొర వాచిన కాలు పీట మీద పెట్టుకుని కోడిని తింటుంటాడు. వెనక ఎండిపోయిన నౌకరు నిలబడి ఉంటాడు.

వచ్చినవాళ్లందరినీ దాని ముందు నిలబెట్టి, తనను చూసి తాను నవ్వుకోలేనివాడు మనిషే కాదని చెబుతారు వెంకట్రావు గారు. ఎంత విశాల హృదయం!

ఆఫీసు ఊడ్చే లింగవ్వది జగిత్యాల వైపు పల్లె. గోడమీద పాతకాలం మనిషి పటం కనబడితే ఆమెకు ఒకటే అర్థం: ఈ ఇంట్లో పోయిన పెద్దాయన. బర్ దుబాయ్ పాత గుడి సందులో మల్లెదండ కొనుక్కొచ్చి, పటానికి వేసి, బొట్టు పెట్టింది. సరిగ్గా అప్పుడే వెంకట్రావు గారు వ్యాపారం మీద వచ్చిన అబుదాబి పార్టీలను వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు.

"మీ తాతనా సార్?" అంది లింగవ్వ భక్తిగా. "పొట్ట, మెడ అచ్చం మీ లెక్కనే ఉన్నయ్. కాలు ఎట్ల వాచిందో పాపం. షుగరుండెనా?"

పార్టీలు పటాన్ని చూశారు. సార్‌ను చూశారు. ఇక ఆపుకోలేకపోయారు. ఆ ఆఫీసులో ఆయన జోకు కోసం కాకుండా మిగతావాళ్లు నవ్వడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం మేనేజర్ తబ్రేజ్ భాయ్ లింగవ్వను పిలిచి, వీసా క్యాన్సిల్ చేస్తున్నామన్నాడు.

"ఖలాస్ లింగవ్వా. సార్ మస్తు గుస్సా మీదున్నరు."

"నేనేమన్న భాయ్? దండం పెట్టిన గదా."

తబ్రేజ్ భాయ్ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. శుక్రవారం ఆమెను విమానం ఎక్కించారు.

ఇందులో నాకు తప్పేమీ కనబడదు. దొరను వెక్కిరించాలనుకుంటే పద్ధతిగా లండన్‌లో పుట్టాలి. రెండు వందల ఏళ్ల కింద చచ్చిపోవాలి. ఇవేమీ లేకుండా చీపురు చేత్తో పట్టుకుని, పైగా గౌరవంగా మాట్లాడితే ఎవరు ఓర్చుకుంటారు? హాస్యానికీ ఒక మర్యాద ఉండొద్దూ!

పటం అక్కడే ఉంది. కొత్త పార్టీలకు సార్ అదే మాట చెబుతున్నారు. దాన్ని తుడిచే పని ఇప్పుడు నాది. తుడుస్తూ బొమ్మవైపు ఎంతసేపైనా చూడొచ్చట. చూసిన వెంటనే సార్ వైపు మాత్రం చూడకూడదని తబ్రేజ్ భాయ్ మరీ మరీ చెప్పాడు.