పెద్దకోడలు ‘బ్రేస్’ అను క్రియను జయించుట

ముసలి ఫ్యానొకటి కిర్రుకిర్రుమని మంగళవాద్యము మ్రోయింపగా, గ్రంథాలయపు మేడమీది గదిలో, బుధవారము సాయంకాలము నాలుగు గంటల పది నిమిషముల శుభసమయమున, ఆంగ్లభాషాసముద్రతరణకాంక్షులు పదునొకండుగురు ప్లాస్టిక్ కుర్చీలపై కొలువుదీరి యుండిరి. కడపటి వరుసలో, సహస్రాధికజాకెట్టుశిల్పనిపుణయు, మూడు మాసములుగా ఈ గదిలో నోరు విప్పని మౌనదీక్షాపరాయణయునగు, దర్జీపని చేయు పెద్దకోడలు, ముందువారి వీపును కోటగోడగా చేసికొని దాగియుండెను. నేడును మాట పెగలదేని రేపటినుండి రాకూడదని ఉదయమే ఆమె నిశ్చయించుకొనినది. ప్రక్కనే ఆమె తోడికోడలు, ఆసుపత్రి రిసెప్షనులో పనిచేయు అనర్గళవాగ్ధాటీధురంధర, కాలుమీద కాలు వేసికొని కూర్చుండెను. ఇచ్చట నాలుక తడబడినచో ఆ వార్త భోజనాలవేళకే అత్తగారి చెవిని పడునని పెద్దకోడలి భయము.

టీచరమ్మ బోర్డుమీద ‘బ్రేస్’ అని వ్రాసెను.

“రాబోయే కష్టానికి ముందే గుండె దిటవు చేసుకోవడం. పుస్తకాల్లో తుఫాన్లు, యుద్ధాలు ఉంటాయి, అవి నాకొద్దు. మీ ఇంట్లో రోజూ జరిగేది చెప్పండి. చివరి వరుస నుంచి మొదలుపెడదాం.”

“నాకు రాదండీ,” అనెను పెద్దకోడలు.

“రాదనేగా ఇక్కడికొచ్చారు.”

“నేను చెప్పనా అక్కా?” అని చిన్నకోడలు గుసగుసలాడెను.

ఆ జాలిమాట వాడిసూదియై గుచ్చుకొనగా, పండ్లు పటపట కొరికి, చెంగు నడుమున దోపి, కుట్టుమిషను వలె దడదడలాడు గుండెను అరచేత నదిమి, కుర్చీ కుయ్యోమనునట్లు లేచి, ఆ వీరాంగన యిట్లు పలికెను:

“ఐ బ్రేస్ మైసెల్ఫ్ వెన్ మై సిస్టర్-ఇన్-లా రింగ్ ద బెల్.”

తోడికోడలు బెల్లు నొక్కినపుడెల్ల గుండె దిటవు చేసికొందునని దాని భావము. పలికినదేమో బాణము చేయి దాటిన పిమ్మటగాని ఆమెకు తెలియలేదు. పదిమందియు గొల్లున నవ్విరి.

“రింగ్ కాదు, రింగ్స్. మిగతాదంతా కరెక్టే,” అనెను టీచరమ్మ. “తర్వాత?”

చిన్నకోడలు కాలు దించి, మెల్లగా లేచెను. ఆ వాగ్ధాటి ఎటుపోయెనో.

“ఐ బ్రేస్ మైసెల్ఫ్... బిఫోర్ ఐ రింగ్ ఇట్.”

పిదప పెద్దదానివైపు తిరిగి, “నిజం అక్కా. గుమ్మం ముందు ఐదు లెక్కపెట్టుకుని గానీ నొక్కను. తలుపు తీసి, టేపు పెట్టి కొలుస్తున్నట్టు చూస్తావు.”

పెద్దకోడలు నడుమున దోపిన చెంగు విప్పెను.

“అది కళ్లజోడు లేక,” అనెను. “దూరం ఆనదు నాకు. నువ్వో, పోస్టుమ్యానో తెలిసి చావదు.”

ఇట్లు తొమ్మిది పదముల వాక్యమును, ఒక్క సకారమాత్రము నష్టపడి జయించి, ఆ సూచీధారిణి దిగ్విజయముగా కూర్చుండెను. కూర్చుండునపుడు ఆమె కుర్చీ రెండంగుళములు చిన్నదానివైపు జరిగెనని ప్రత్యక్షసాక్షులు నేటికిని చెప్పుదురు.