ప్రశాంతమైన బటన్

"మనిషి బుర్రకు పని పెట్టే తెర తెరే కాదు!"

ఈ మహావాక్యాన్ని డిజైనర్ గారు ఆఫీసు గోడ మీద బారెడు అక్షరాలతో రాయించారు. దాని కిందే కూర్చుని కంటి ఆసుపత్రికి యాప్ తయారు చేశారు. మనసుకు హాయిగా ఉంటుందని తెల్లటి తెర మీద, పేరు నమోదుకు లేత బూడిదరంగు బటన్ పెట్టారు. యాప్ ఉండగా ఫోన్లెందుకని ఆసుపత్రి బోర్డుల మీద నుంచి నంబరు తీసేయించారు. అయిదుగురి చేత పరీక్ష చేయిస్తే అందరూ రెప్పపాటులో బటన్ నొక్కేశారు. నొక్కరూ మరి! దాన్ని గీసింది వాళ్లే.

యాప్ మొదలై నెలయింది. ఇక అసలు సిసలు రోగి ఒకరు కావాలి. సొంత పిన్నే దొరికింది. ఆమె కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ల జాబితా ఆ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు, తప్పితే మళ్లీ రెండు నెలలకే. నాలుగున్నరకు ఆమె ఇంటికి వెళ్లి, చేతికి ఫోనిచ్చి, ఆయన నోట్‌బుక్కుతో ఎదురుగా కూర్చున్నారు.

"ఎక్కడ నొక్కాలిరా?" అంది పిన్ని.

"నేను చెప్పకూడదు పిన్నీ. నీకేమనిపిస్తే అది చెయ్యి. పరీక్ష నీకు కాదు, యాప్‌కి."

పిన్ని ఆసుపత్రి బొమ్మ నొక్కింది. డాక్టరు ముక్కు నొక్కింది. ఆయన 'వినియోగదారు ఉత్సాహంగా అన్వేషిస్తున్నారు' అని రాసుకున్నారు.

అయిదుకి అయిదు నిమిషాలుందనగా ఆయన గడియారం చూశారు. నియమాన్ని గట్టున పెట్టి ఫోన్ లాక్కున్నారు. బటనేదీ? ఆ రంగు ఇంకాస్త తగ్గించమని పోయిన వారం చెప్పింది తనే! కళ్లజోడు తుడుచుకున్నారు. తెరంతా వేలితో తడిమారు.

పిన్నికి ఆసుపత్రి నంబరు నోటికి వచ్చు. లేచి వెళ్లి ఇంటి ఫోన్‌లో చేసింది. అర నిమిషంలో నర్సు ఆమె పేరు జాబితాలో రాసుకుంది. యాప్ నుంచి నెల రోజుల్లో ఒక్క పేరే వచ్చిందని, అది కూడా యాప్ తయారు చేసినాయనదేనని చెప్పి తెగ నవ్విందట.

"నా పనయింది. రాసుకో," అంది పిన్ని.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా వృత్తి వృత్తే. 'పని పూర్తి: నూటికి నూరు శాతం. పట్టిన సమయం: అర నిమిషం' అని రాశారు. ఆ తర్వాత తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"పిన్నీ, ఆ నంబరు కాస్త చెప్పు. నేనూ కళ్లు చూపించుకోవాలి."