ఒడ్డు మీద ఈత కాలేజీ

ఒక పెద్ద అడవిలో చదువుకోవాలన్న కోరిక అందరికీ ఉండేది, తీరిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. పగలంతా తిండి వెతుక్కోవాలి, పిల్లల్ని సాకాలి. అందుకని సింహం ఒక సామాజిక కళాశాల పెట్టించింది. వయసు అడగరు, జాతి అడగరు. పొద్దు వాలాక వచ్చి, కావలసిన విద్య నేర్చుకుని పోవచ్చు.

ముంగిస నాంచారమ్మ ఈతలో చేరింది, సరదాకి కాదు. ఆమె కాపురం ఏటి మధ్య లంకలో. మామూలు రోజుల్లో రాళ్ల మీద గెంతుతూ ఒడ్డుకు వచ్చేస్తుంది. వానలు పడితే ముందు రాళ్లు మునుగుతాయి, ఆ తర్వాత బొరియ మునుగుతుంది. పోయినేడు ఒక పిల్లను ఏరు పట్టుకుపోయింది. మిగిలిన ఇద్దరినీ దక్కించుకోవాలంటే వానాకాలం లోపల ఆమెకు ఈత రావాలి.

మొదటి సాయంత్రం వెళ్లేసరికి ఆకుల పందిరి, పూలదండలు, ఎదురుగా వేదిక. కొత్త విద్యార్థులకు సలహాల సభట! ప్రిన్సిపాల్ నక్క మధ్యలో కూర్చుంది. పక్కన సీనియర్ ఎలుగుబంటి. ఏ విద్యలోనూ పాసు కాకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాడు కాబట్టి ఆయనకు అనుభవజ్ఞుడని పేరు.

"సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు మాట్లాడతాను" అని ఎలుగుబంటి చీకటి పడేదాకా మాట్లాడాడు. "ముందు వరసలో కూర్చోండి. సీనియర్లతో పరిచయాలు పెంచుకోండి. సందేహం వస్తే సిగ్గుపడకుండా అడగండి."

నాంచారమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నాకు ఒక సందేహం. నీళ్లలోకి ఎప్పుడు దిగుతాం?"

"చూశారా!" అంది నక్క చప్పట్లు కొడుతూ. "చెప్పీ చెప్పగానే సందేహం అడిగింది. ఇలాంటి విద్యార్థిని కాలేజీకే గర్వకారణం!" పందిరంతా చప్పట్లు. ఆమెకు టేకాకు శాలువా కప్పారు. అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఈత నేర్పే నీటికుక్క మాస్టారు వేరే అడవికి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ మాట సింహం చెవిన పడితే కాలేజీ మూతపడుతుంది, నక్క కుర్చీ పోతుంది. అందుకే నక్క సలహాల సభను రోజూ పొడిగిస్తూ పోయింది. సలహాలు విని విని విసిగినవాళ్లను సీనియర్లుగా ప్రకటించి, వేదిక ఎక్కించి, కొత్తవాళ్లకు సలహాలు చెప్పమనేది. వేదిక ఎక్కినవాడెవడూ మళ్లీ నీళ్ల మాట ఎత్తేవాడు కాదు.

నాంచారమ్మ ఒక్కతే ఎత్తేది. ఎత్తినప్పుడల్లా ఒక శాలువా కప్పేవారు. ఇంట్లో పిల్లలకు పక్కబట్టలకు కొదవ లేకుండా పోయింది.

కొండల మీద మబ్బులు పట్టిన రోజుల్లో సింహం నుంచి కబురొచ్చింది, 'ఈత విభాగం చూడడానికి వస్తున్నాను' అని.

ఎలుగుబంటికి చెమటలు పట్టాయి. నక్క మాత్రం చెక్కుచెదరలేదు. "ఈత విభాగం అంటే ఏమిటోయ్? నీళ్లు కనిపిస్తే చాలు. వేదికను ఏటి మీదే కట్టిద్దాం."

వెదురు బొంగులు పాతి, తడికలు పరిచి, ఏటి మీద వేదిక కట్టారు. సింహం వచ్చి మధ్యలో కూర్చుంది. చిలక సభను నడిపించింది. "వేదికను అలంకరించవలసిందిగా నక్కగారిని కోరుతున్నాం. అడవిదున్నగారిని కోరుతున్నాం..." ఏ ఒక్కరిని పిలవకపోయినా అలిగి కూర్చుంటారు. అందుకని అందరినీ పిలిచింది. ఆదర్శ విద్యార్థిని అని నాంచారమ్మనూ పిలిచింది.

అప్పటికే ఏరు ఎర్రబడుతోంది. పైన వాన పడిందని ఆమెకు అర్థమైంది.

"నేను పోతానయ్యా. రాళ్లు మునిగిపోతున్నాయి. పిల్లలు ఒంటరిగా ఉన్నారు."

"ముఖ్య అతిథి మాట్లాడకుండా లేచిపోతే మర్యాదేనా అమ్మా?" అని నక్క పళ్లు కొరికింది. "శాలువా కప్పాక పోదువుగాని!"

సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఎలుగుబంటిని చిలక వేదిక మీదికి ఆహ్వానించింది. ఎలుగుబంటి చేతులు జోడించి, అందరికీ నమస్కారాలు పెడుతూ, ఒక కాలు మోపాడు. రెండో కాలు మోపే అవసరం రాలేదు. వెదుళ్లు ఫెళఫెళా విరిగి, వేదిక మొత్తం ఏట్లో కలిసింది.

"సభ కొద్దిగా తడిసినా కార్యక్రమం కొనసాగుతుంది!" అని చిలక గాల్లో ఎగురుతూ ప్రకటించింది.

ఎలుగుబంటి మునుగుతూ తేలుతూ కూడా ఊరుకోలేదు. "ధైర్యం... గుడగుడ... కోల్పోవద్దు! పరిచయాలు... గుడగుడ..." నక్క వెదురు ముక్కను కావలించుకుని కళ్లు మూసుకుంది.

నాంచారమ్మ నోట్లోకీ ముక్కులోకీ నీళ్లు పోయాయి. విన్న సలహాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పిల్లలు గుర్తొచ్చారు. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. నాలుగు కాళ్లూ టపటపా కొట్టింది. కొడుతూ కొడుతూ ఉంటే లంక దగ్గరికి వస్తోంది! బొరియలోకి నీళ్లు చేరుతుంటే పిల్లలు శాలువాల గుట్ట ఎక్కి అరుస్తున్నారు. ఒకదాన్ని నోట కరుచుకుని ఒడ్డుకు ఈదింది. వెనక్కి వెళ్లి రెండోదాన్నీ తెచ్చింది. ఇద్దరినీ పొదువుకుని, పెద్దగా ఏడ్చింది.

ఈలోగా తక్కినవాళ్లు వెదుళ్లు పట్టుకుని ఎలాగో ఒడ్డు చేరారు. సింహం జూలు పిండుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. "శభాష్! నీకు ఇంత బాగా ఈత ఎవరు నేర్పారమ్మా?"

నాంచారమ్మ నోరు తెరిచేలోపే నక్క ముందుకు దూకింది. "నేనే ప్రభూ! స్వయంగా నేనే! ఇవాళ మీరు చూసింది ప్రాక్టికల్స్."

"ఇంత గొప్ప గురువును కుర్చీలో కూర్చోబెట్టడం నాదే తప్పు" అంది సింహం. "రేపటి నుంచి ఈత మాస్టారివి నువ్వే. ఒక్క విద్యార్థి ఒడ్డు మీద మిగిలి ఉన్నా నువ్వు నీళ్లలోంచి బయటికి రాకూడదు."

ఆ రోజు నుంచి నక్క పీకల్లోతు నీళ్లలో వణుకుతూ నిలబడేది. కొత్త విద్యార్థులు ఒడ్డున చేరి, "ఏమైనా సలహా చెప్పు పిన్నీ" అని నాంచారమ్మను అడిగేవారు.

"మాస్టారికి జలుబు చేసింది, త్వరగా దిగండి" అనేది ఆమె.

నీతి: కాలేజీలో గురువులు లేకపోయినా చదువు ఆగదు, వేదిక మాత్రం గట్టిగా ఉండకూడదు.