ఇంటింటా కారాలి ఒక నూనె ట్యాంకు!

మీ పెరట్లో భూమి కింద నూనె ట్యాంకు ఉందా? ఉంటే, కారుతోందా? కారడం లేదా! అయితే మీరంటే నాకు జాలిగా ఉంది. ఇల్లు కొన్నారు, లోన్ తీసుకున్నారు, పెద్ద సోఫా వేయించుకున్నారు. కానీ సొంత ఇంటి అసలు సుఖం ఏమిటో మీకింకా తెలీదు.

నేను తొందరపడి మాట్లాడే మనిషిని కాను. డార్మ్‌స్టాట్‌లో పదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో బగ్‌లు పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. రవీంద్రనాథ్ ఒక మాటన్నాడంటే దానికి టెస్టింగ్ పూర్తయిందని అర్థం. అందుకే పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. కారే ట్యాంకును మించిన వరం ఈ జర్మనీలో మరొకటి లేదు!

ట్యాంకు సంగతి తెలియనివాళ్లకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడ చాలా పాత ఇళ్లను చలికాలంలో నూనె మండించి వెచ్చబెడతారు. ఆ నూనె డీజిల్‌కు దగ్గరి చుట్టం. దాన్ని నిలవ ఉంచడానికి తోటలో గొయ్యి తీసి, వ్యాన్ అంత ఇనుప ట్యాంకును పాతిపెట్టి, పైన పచ్చగా గడ్డి పెంచుతారు. డార్మ్‌స్టాట్ పక్క ఊళ్లో మేం ఇల్లు కొన్నప్పుడు బ్రోకర్ ఆ గడ్డి చూపించి, ట్యాంకు దాని కిందుంది, ఇక దాని గురించి మరిచిపోండి అన్నాడు. జర్మనీలో ఎవరేం చెప్పినా చేసేసే రకం మేము. మరిచిపోయాం.

అసలు మేం ఆ ఇల్లు కొన్నది తోట కోసం కాదు, వంటింటి కోసం. అంతకుముందు అద్దెకున్న ఫ్లాట్‌లో మా ఆవిడ కౌసల్య పోపు పెట్టినప్పుడల్లా పై అంతస్తులో దగ్గు మొదలయ్యేది. మనకు వినిపించాలనే దగ్గేవాళ్లు. ఓనర్ ఒకసారి నన్ను మెట్ల దగ్గర ఆపి, వాసన రాని వంటలు కూడా చాలా ఉంటాయండీ అని మర్యాదగా సలహా ఇచ్చాడు. వరంగల్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఇవ్వాల్సిన సలహానా అది?

సొంతింటి తాళం చేతికొచ్చిన రోజు కౌసల్య బెడ్‌రూం చూడలేదు, బాత్రూం చూడలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మాం. అంత సంతోషంగా తుమ్మడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇల్లు మన పేరు మీద ఉండటమంటే పోపు మన ఇష్టం కావడమే అని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. ట్యాంకు మహిమ అప్పుడే మొదలైంది.

2020 వసంతంలో లోకమంతటికీ ఒకటే బెంగ. ముక్కు పనిచేస్తోందా, లేదా? వాసన తెలియకపోతే కరోనా అని టీవీలో చెప్పారు. జనం కాఫీ డబ్బాలు తెరిచి, అగర్‌బత్తీలు వెలిగించి, పిల్లల సాక్సులు కూడా వాసన చూసుకున్నారు. నాకా అవస్థ లేదు! పొద్దున్నే తోట చివర కంచె దాకా నడిచి ఒకసారి గట్టిగా పీలిస్తే చాలు, కిరసనాయిలు లాంటి వాసన గుప్పుమనేది. నెగటివ్! ఈల వేసుకుంటూ లోపలికొచ్చి లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఇంటికే వచ్చి, ఎప్పుడంటే అప్పుడు దొరికే ఇలాంటి టెస్టు దేశంలో ఇంకెవరి దగ్గరుంది?

ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరూ అడగలేదా అంటారా? కౌసల్య అడిగింది. పక్కింటి డింగెల్‌డైన్ గారి గడ్డి కోసే మిషన్‌దని నేను తేల్చేశాను. కొత్తగా వచ్చినవాళ్లం, మీ ఇంటి నుంచి వాసన వస్తోందని వాళ్లతో అనకూడదు, బాగుండదు అని హితబోధ కూడా చేశాను. సంస్కారమంటే అదే కదా!

డింగెల్‌డైన్ గారు రిటైరైన స్కూల్ మాస్టారు. తన టొమాటోలకు తన బావి నీళ్లు తప్ప ఇంకో నీళ్లు పోయని నిష్ఠాగరిష్ఠుడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆయన మాస్కు పెట్టుకుని కంచె దగ్గరికొచ్చి, చాలా మొహమాటపడుతూ, "హెర్ రవీంద్రనాథ్, మీ వైపు నుంచి ఓల్ వాసన వస్తోంది" అన్నారు.

ఇక్కడ జర్మన్ భాష గొప్పతనాన్ని గమనించాలి. ఓల్ అంటే నూనె. ట్యాంకులో పోసేదీ ఓలే, మూకుట్లో పోసేదీ ఓలే. ఆయన అన్నది ఏ ఓల్ గురించో గ్రహించడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో పూరీలు!

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే సారీ చెప్పాను. తప్పు మాదే, ఇకనుంచి ఓల్ తగ్గిస్తామని మాటిచ్చాను. ఆయన అయోమయంగా చూసి, సరేనని తలూపి వెళ్లిపోయారు.

అలా పూరీలు బంద్ అయ్యాయి. వాసన తగ్గలేదని ఆయన మళ్లీ వచ్చి చెబితే గారెలు బంద్. ఎండలు ముదిరాక ఇంకా ఎక్కువైందంటే సర్వపిండి మానేశాం. ఇంతకన్నా మంచి రకం ఓల్‌కు మారామని నేను సంజాయిషీ ఇచ్చుకుంటే, ఏ రకమైనా వాసన ఒకటేనండీ అని ఆయన నిట్టూర్చారు. దాంతో చేపల వేపుడు కూడా పోయింది. ఆయన చెప్పడం, మేం ఒకటి మానడం! చివరికి పోపు కూడా ఎత్తేసి, పప్పు ఉడకబెట్టి ఉప్పు చల్లుకుని తినే మహోన్నత స్థితికి చేరుకున్నాం. నా కొలెస్ట్రాల్ ఎంత తగ్గిందో తెలుసా? ఏ డైట్ యాప్ వల్ల అవుతుందీ పని? భూమిలో నూనె కారుతుంటే ఒంట్లో కొవ్వు కరుగుతుందన్న వైద్య సత్యాన్ని లోకానికి మొదట చాటింది మా కుటుంబమే!

కౌసల్య మాత్రం మాట్లాడటం తగ్గించింది. వంటింట్లో పాటలు పాడుకుంటూ గంటలు గడిపే మనిషి, కుక్కర్ విజిల్ రాగానే బయటికొచ్చేసేది. ఇల్లు మనదే అయినప్పుడు ఎవరి ముక్కు కోసం వండుతున్నామని ఒకసారి అడిగింది. సర్దుకుపోదాం అన్నాను నేను. సర్దుకుపోవడంలో నాకున్న అనుభవం అలాంటిలాంటిది కాదు మరి.

అక్టోబర్‌లో డింగెల్‌డైన్ గారు మా గేటుకు ఒక పెద్ద సంచి తగిలించి వెళ్లారు. తెరిచి చూస్తే ఉన్ని దుప్పట్లు, వాళ్లావిడ చేత్తో అల్లిన మేజోళ్లు! పూరీలు మానేసినందుకు బహుమతి కాబోలు అంది కౌసల్య, నవ్వకుండా. నేను మాత్రం పొంగిపోయాను. కంచె దగ్గర నిలబడి థాంక్స్ చెప్పి, ఇప్పుడు మా ఇంట్లో ఓల్ వాడకం పూర్తిగా ఆపేశామని గర్వంగా ప్రకటించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. జర్మన్లకు గుండె లేదన్న మూర్ఖుడెవడు?

జనవరిలో ఒకరోజు హీటింగ్ ఆగిపోయింది. రోజంతా ఇంట్లోనే పని, ఇంట్లోనే స్కూలు కదా, నూనె తొందరగా అయిపోయిందనుకుని నూనె లారీని పిలిపించాను. డ్రైవర్ దిగి ట్యాంకు మూత దాకా వెళ్లాడు. కరుగుతున్న మంచు మీద రంగురంగులుగా తేలుతున్న తెట్టును చూశాడు. పైపు విప్పలేదు. ఫోన్ తీశాడు.

ఇప్పుడు చెప్పబోయేది మహావరం. కాస్త సర్దుకుని కూర్చోండి!

జర్మనీలో తెలుగువాళ్లు కలిస్తే బాగున్నారా అని అడగరు, టెర్మిన్ దొరికిందా అని అడుగుతారు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్. మామూలు రోజుల్లోనే ప్రభుత్వ ఆఫీసుల్లో అది దొరకడం గగనం. కరోనాలో తలుపులే మూసేశారు. వీసా రెన్యువల్ కోసం నేను పంపిన ఈమెయిళ్లకు మిషన్ జవాబులే తప్ప మనిషి జవాబు రాలేదు. కానీ భూమిలోకి నూనె పోయిందని ఒక్క మాట చెప్పి చూడండి! టెర్మిన్ లేదు, వెయిటింగ్ లేదు, ఆఫీసులే బూట్లు వేసుకుని మీ ఇంటికి నడిచొస్తాయి!

మొదట ఫైర్ ఇంజన్ వచ్చింది. వెనకాలే నీటి శాఖ మేడం, మట్టి నిపుణుడు, ట్యాంకు కడిగేవాళ్లు, జేసీబీ, జేసీబీని చూడటానికి ఊళ్లోవాళ్లు. బయటి మనిషి ఒక్కరికి మించి ఇంటికి రాకూడదన్న రోజుల్లో మా తోట పెళ్లి పందిరిలా కళకళలాడిపోయింది! కరోనా వల్ల వాయిదా పడ్డ మా గృహప్రవేశం విందు ఆ విధంగా అధికార లాంఛనాలతో జరిగింది. కౌసల్య అందరికీ అల్లం టీ పెట్టింది. మాస్కులు దించి, దూరదూరంగా నిలబడి, అందరూ తాగారు.

టీ తాగుతూనే నీటి శాఖ మేడం, వాసన ఎప్పటినుంచి వస్తోందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా కంచె అవతలి నుంచి డింగెల్‌డైన్ గారు అందుకున్నారు. ఏప్రిల్‌లోనే చెప్పాను, ఓల్ తగ్గిస్తామన్నారు, తర్వాత పూర్తిగా ఆపేశామన్నారు, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో హీటింగ్ లేకుండా ఎలా ఉంటున్నారో అని మా ఆవిడ కుమిలిపోయింది అన్నారు. దుప్పట్ల రహస్యం నాకు అప్పటికిగానీ తెలియలేదు.

మేడం నా వైపు తిరిగింది. "ఇంతకీ మీరు తగ్గించింది ఏమిటి?"

జేసీబీ కూడా ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"పూరీలు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు మా అమ్మాయి సహస్ర ముందుకొచ్చింది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల అది. పూరీ అంటే ఏమిటో, ఎలా పొంగుతుందో, దాని తర్వాత ఏది మానేశామో, చివరికి పోపు మానేసిన రోజు అమ్మ స్టోర్‌రూంలో ఎలా ఏడ్చిందో, అంతా పొల్లుపోకుండా జర్మన్‌లో వివరించింది. ఫైర్ వాళ్లు మొదట పగలబడి నవ్వారు, తర్వాత మాస్కులు పైకి లాక్కున్నారు. స్టోర్‌రూం సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

డింగెల్‌డైన్ గారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "మీ వంట గురించి నేను ఎప్పుడైనా ఏమైనా అన్నానా?" అని అడిగారు.

ఆలోచించాను. అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

ఆ తర్వాత జరిగిందంతా పండగే. ట్యాంకును ముక్కలుగా కోసి పైకి తీశారు. నూనె తాగిన మట్టిని లారీలకెత్తి తీసుకెళ్లారు. మా పెరట్లో ఏర్పడ్డ గోతిని చూసి, స్విమ్మింగ్ పూల్ కడుతున్నారా అని నాతో పనిచేసేవాళ్లు వీడియో కాల్‌లో అసూయపడ్డారు. జేసీబీ చప్పుడు పుణ్యమా అని నా మీటింగులన్నీ రద్దయ్యాయి! డింగెల్‌డైన్ గారి బావి నీళ్లను మళ్లీ మళ్లీ పరీక్షించారు. అడుగున బంకమన్ను ఉండటంతో నూనె అక్కడిదాకా పోలేదు. ఆ కబురు విన్న రోజు ఆయన బకెట్ నీళ్లు తోడి, మా ఎదుటే టొమాటోలకు పోశారు.

ఇన్ని వరాలిచ్చిన ట్యాంకును తిట్టడానికి నోరెలా వస్తుంది చెప్పండి? నాకు రాలేదు. ఒక్క చిన్న సందేహం మాత్రం తొలుస్తోంది. ఆ ట్యాంకును పాతింది నేను పుట్టకముందు. పట్టిన తుప్పు నాది కాదు. కారిన నూనె వాసన కంచె దాకా వెళ్లి నేనే పీల్చాను, అయినా అది పక్కింటిది అనడానికి మొహమాటపడ్డాను. అదే వాసన మీ ఇంటిది అని ఎదుటివాడు అనగానే, ఎక్కడిదని కూడా అడక్కుండా సారీ ఎందుకు చెప్పాను? ఆ మనిషి నన్ను తిట్టలేదు, నా బాగు కోరి హెచ్చరించాడు. నేను వంటింటికి తాళం వేయించాను. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు.

వేసవికి తోటలో కొత్త మట్టి పోసి, కొత్త గడ్డి వేశారు. ఆ పూరీలేవో మేమూ తినాలని డింగెల్‌డైన్ దంపతులు నోరు తెరిచి అడిగారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లిద్దరూ వచ్చి తోటలో టేబుల్ దగ్గర కూర్చున్నారు. లోపల కౌసల్య ఇన్నాళ్లకు మళ్లీ మూకుడు ఎక్కించింది. ఒక పొయ్యి మీద నూనె కాగుతోంది. రెండో పొయ్యి మీద ఆలుగడ్డ కూరకు పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, కరివేపాకు పడింది, ఎండుమిరప ఘాటు లేచి బయటికి, అతిథులు కూర్చున్న వైపు సాగింది.

ఎప్పుడు లేచానో నాకే తెలీదు. గబగబా వెళ్లి, వంటింటి కిటికీ మూసేశాను.

కౌసల్య గరిటె పట్టుకుని నా వైపు చూసింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"ట్యాంకు తీసేసిన్రు గదా. ఇంకా ఎక్కడ తవ్వియ్యాలె?" అంది.